రెండో దారం

"మీది ఏ చెయ్యమ్మా?" అని అడిగాడు వడ్రంగి మేస్త్రి.

వదిన ఈ ఇంటికి కోడలిగా వచ్చి పందొమ్మిదేళ్ళయింది. ఉప్పెందుకు ఎక్కువైందని అడిగినవాళ్ళున్నారు, వంట ఇంకా ఎందుకు కాలేదని అడిగినవాళ్ళున్నారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. ఆవిడ చుట్టూ ఒకసారి చూసింది. భర్త వీధిలో నిలబడి ఇసుక దింపించుకుంటున్నాడు. ఆడపడుచు వసారా మెట్టు మీద కూర్చుని నోటుపుస్తకంలో గళ్ళు గీసుకుంటోంది. వదిన ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు ఎడమచెయ్యి కొంచెం పైకెత్తి చూపించింది.

మేస్త్రి తల ఊపాడు. "వంటిల్లు కట్టేవాడు మొదట అడగాల్సింది అదేనమ్మా. కిటికీ ఎటుందనేది తరవాత సంగతి."

జేబులోంచి తెల్లటి నూలుదారం తీశాడు. దాని కొస నేలకు ఆనించి కాలితో తొక్కిపట్టమన్నాడు. మోచెయ్యి మడిచి, కూరగాయలు తరుగుతున్నట్టు నిలబడమన్నాడు. దారాన్ని మోచేతి దాకా లాగి, అక్కణ్ణుంచి బెత్తెడు కిందికి దించి ముడివేశాడు. ఆ ముడి ఎంత ఎత్తున ఉంటే వంటగట్టు అంత ఎత్తున ఉండాలట. టేపు గోడలకి, దారం మనిషికి అని అతని సిద్ధాంతం. ముప్ఫయ్యేళ్ళుగా వంటిళ్ళు కడుతున్నాడు, ఇంటికో దారం చొప్పున కట్టలు కట్టి దాచుకున్నాడు. ఏ ఇంటి ఇల్లాలు ఎంత పొడుగో ఊరి దర్జీకన్నా తనకే బాగా తెలుసని చెప్పుకుని నవ్వుకున్నాడు.

పాత వంటగట్టు అత్తగారి ఎత్తుకు కట్టింది. ఆవిడ మంచి పొడగరి. ఆ పొడుగు కొడుక్కీ కూతురికీ వచ్చింది, గట్టు కోడలికి వచ్చింది. పందొమ్మిదేళ్ళూ వదిన ఒక పీట మీద నిలబడి వండింది. పొయ్యి దగ్గర పని అయ్యాక దిగడం, పీటను కాలితో తోసుకుంటూ పోవడం, మళ్ళీ ఎక్కడం. గిన్నెలు కడిగే తొట్టి నడవా చివర ఉండేది, పొయ్యి దగ్గర్నుంచి పదకొండడుగులు. రోజుకు ఎన్నిసార్లు నడిచేదో ఆవిడ మోకాళ్ళకే తెలియాలి. అలాంటిది, ఇల్లు బాగుచేయిస్తూ వారం కిందట భర్త, "వంటిల్లు నీది. ఎలా కావాలో నువ్వే గీసుకో" అన్నాడు. ఆ మాటతో ఆవిడకు కాలు నేలమీద నిలవలేదు.

గీసుకోమన్నాడు కదా అని నిజంగానే గీసింది. కాగితం మీద కాదు, ఖాళీ చేసిన ముందుగది నేలమీద, సుద్దముక్కతో. ఇది గట్టు, ఇది తొట్టి, ఇది పొయ్యి, ఇవి సొరుగులు. గీసి ఊరుకోలేదు. ఖాళీ గిన్నెలు తెచ్చుకుని ఆ గీతల మధ్య పొద్దుటి వంటంతా మొదటినుంచి చివరిదాకా చేసి చూపించింది. లేని బియ్యం కడిగింది. లేని ఉల్లిపాయలు తరిగి, లేని పొయ్యి మీదికి తోసింది. చెయ్యి చాచినప్పుడు భుజం లాగితే అక్కడ చెరిపి దగ్గరగా గీసింది. రెండడుగుల చోట మూడడుగులు పడితే మళ్ళీ చెరిపింది. మేస్త్రి గోడకు జారబడి ఆవిడ చేతులనే చూస్తున్నాడు. ఆడపడుచు మెట్టుమీంచి అడుగులు లెక్కపెట్టి రాసుకుంటోంది.

"ఉప్పు సరిపోయిందా వదినా?" అంది ఆడపడుచు.

"చిటికెడు తగ్గింది" అని వదిన లేని సొరుగు లాగి, లేని ఉప్పు తీసి వేసింది. ముగ్గురూ నవ్వారు.

ఇలా నవ్వుకోవడం ఆ ఇద్దరికీ కొత్త కాదు. ఆడపడుచు పెళ్ళికి ముందు రెండేళ్ళు ఈ ఇంట్లో వదిన కొంగు పట్టుకుని తిరిగింది. పెళ్ళయి నాలుగు వీధుల అవతల కాపురం పెట్టినా, తలనొప్పి వస్తే వదిన దగ్గరికే వచ్చేది. ఇప్పుడూ వారం రోజులుగా ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి కూర్చుంటోంది. గిన్నెలు ఆరేసే అర తొట్టికి ఏ పక్కన, గరిటెల సొరుగు ఎంత లోతు, డబ్బాల అలమర తలుపు ఎటు తెరుచుకోవాలి అని గుచ్చిగుచ్చి అడిగి రాసుకుంది. ఇంత శ్రద్ధ తోడబుట్టినవాళ్ళకైనా ఉంటుందా అనుకుంది వదిన.

ఇసుక దింపించి భర్త లోపలికి వచ్చాడు. వస్తూ వస్తూ సుద్దగీతల మీద నిలబడ్డాడు.

"అయ్యో, పొయ్యిమీద కాలు పెట్టారు" అంది వదిన.

ఆయన ఉలిక్కిపడి పక్కకు గెంతాడు. తరవాత గీతలన్నీ చూసి, చెల్లెలి పుస్తకం చూసి, తొట్టికీ పొయ్యికీ మధ్య రెండున్నర అడుగులేనని విని, భార్యను మెచ్చుకోలుగా చూశాడు. చదువుకున్న ఇంజనీరు కూడా ఇలా గీయలేడన్నాడు. వదిన మొహం దాచుకోవడానికి వంగి గిన్నెలు ఏరుకుంది.

నాలుగు రోజుల తరవాత, మధ్యాహ్నం పూట, మేస్త్రికి మంచినీళ్ళు ఇవ్వడానికి వదిన కొత్త వంటగదిలోకి వెళ్ళింది. సున్నం వాసన, రంపపు పొట్టు వాసన. గట్టుకు చెక్క చట్రం లేచింది. మీద పరిచే రాయి ఇంకా రాలేదు. మేస్త్రి చట్రం మీద మట్టం పెట్టి బుడగ ఎటు పోతుందో ఒంటికన్నుతో చూస్తున్నాడు. ఆవిడ చెంబు అందించి, సరదాపడి చట్రం ముందు నిలబడింది. తరుగుతున్నట్టు మోచెయ్యి మడిచింది.

మోచెయ్యి చట్రం అంచుకు తగిలింది. బెత్తెడు కిందుండాల్సిన గట్టు మోచేతితో సమానంగా ఉంది. దానిమీద ఇంకా అంగుళం మందం రాయి పడాలి.

"మేస్త్రిగారూ, ఇది కొంచెం ఎత్తయినట్టుంది" అంది.

"లేదమ్మా, సరిగ్గా దారం ప్రకారమే." అతను చొక్కా జేబులోంచి దారం తీసి నేలకు ఆనించి చూపించాడు. ముడి చట్రానికి పైన, రాయి మందం వదిలి, కచ్చితంగా నిలిచింది. ఆ దారం వదిన గుర్తుపట్టలేకపోయింది. తనది తెల్లది. ఇది పచ్చదారం.

"ఇది నాది కాదు."

"మీది కాదమ్మా, అయ్యగారి చెల్లెలిగారిది. మొన్న వాళ్ళింటి దగ్గరికి పిలిపించి కొలిపించారు కదా." అంతవరకు మామూలుగా చెప్పి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. చెంబు కింద పెట్టాడు. "ఆవిడగారు వాళ్ళు ఇక్కడికే వచ్చేస్తున్నారు, ఇకమీదట వంటిల్లు ఆవిడదే అన్నారు అయ్యగారు. మీకు తెలుసనుకున్నానమ్మా."

వదిన చట్రం అంచు మీద అరచెయ్యి ఆనించింది. ఆడపడుచు పుస్తకంలో గళ్ళు, గుచ్చిగుచ్చి అడిగిన ప్రశ్నలు, మెట్టుమీది నవ్వులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తడిగుడ్డతో గొంతు కోయడమని వినడమే గాని, గుడ్డ అంత చల్లగా ఉంటుందని ఆవిడ ఎరగదు.

మేస్త్రి గొంతు తగ్గించాడు. "ఇంకొక మాటమ్మా. ఎత్తొకటే మార్చమన్నారు. తక్కినదంతా మీరు గీసిన గీతే, ఆ పుస్తకంలో ఉన్నట్టే. అది మీ చేతికి గీసింది. ఆవిడది కుడిచెయ్యి. రాయి కొయ్యలేదు, తలుపులకు బందులు బిగించలేదు. తిప్పెయ్యాలంటే ఇప్పుడైతే ఒక్క పూట పని. చెప్పమంటారా వాళ్ళతో?"

వదిన ఆలోచించింది. "నేను చెప్తాను. మీరు చేతులు దులిపేసుకోకండి, వాళ్ళు అడిగితే మీరూ చెప్పండి" అంది.

సాయంత్రం భర్త చెప్పులు విప్పకముందే అడిగింది. ఆయన తడబడలేదు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుందని సిద్ధంగానే ఉన్నట్టున్నాడు. కుర్చీలో కూర్చుని నింపాదిగా చెప్పుకొచ్చాడు. చెల్లెలి వాళ్ళ అద్దె ఇంటివాళ్ళు ఖాళీ చేయమంటున్నారు. వాళ్ళు నలుగురు, మనం ఇద్దరం. ముందు భాగమంతా వాళ్ళకిస్తే, మనిద్దరికీ వెనక గది ధారాళంగా సరిపోతుంది. ఇల్లాలు ఎవరైతే వంటిల్లు వాళ్ళకు సరిపోయేట్టు ఉండాలి కదా, అందుకని ఎత్తు మార్పించాను. రేపో మాపో చెబుదామనే అనుకుంటున్నాను.

"అయితే వంట తను చేస్తుందన్నమాట."

"అది ఉద్యోగానికి పోవాలి కదా. రెండు పొయ్యిలు దేనికి, అందరిదీ ఒకే చోట. నువ్వుండగా దిగులేముంది?"

వదిన ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. "గట్టు తన ఎత్తుకి. వండేది నేను."

"నీకు పీట అలవాటే కదా" అన్నాడు ఆయన. వెటకారంగా అనలేదు, నిజంగానే ఊరడిస్తున్నట్టు అన్నాడు. అదే ఆవిడకు ఎక్కువగా గుచ్చుకుంది.

"మరి వంటిల్లు నీది, నువ్వే గీసుకో అని నాతో ఎందుకన్నారు?"

ఆయన కాళ్ళు చాపుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "చెల్లెలి కోసం గీసిపెట్టమంటే నువ్వు అంత మనసుపెట్టి గీస్తావా? నీకని చెబితేనే కదా గీతల మీద పడి వంట చేసి చూశావు. మంచి వంటిల్లు తయారైందా లేదా? అది చూడు."

ఏడుపు వస్తుందేమోనని వదిన ఎదురుచూసింది. రాలేదు. నమ్మించి నట్టేట ముంచినవాడు కనీసం నీళ్ళవైపు చూడకూడదా అనిపించింది. ఆయన అప్పటికే పేపరు విప్పుకున్నాడు. ఇంత జరిగినా ఆవిడకు చెప్పవలసిన మాట ఒకటి మిగిలింది. పక్కవాడి అన్నంలో రాయి ఉందని తెలిసి చెప్పకుండా ఊరుకునే మనిషి కాదు.

"రాయి కోయించే ముందు మీ చెల్లెల్ని తీసుకొచ్చి అక్కడ నిలబెట్టి ఒకసారి చూపించండి. ఆ గీత నా చేతికి గీసుకున్నది, తనకు సరిపోకపోవచ్చు."

"నీ గీతకు వంకేమిటి?" అన్నాడు ఆయన పేపరు వెనకనుంచి. "అక్షరం పొల్లుపోకుండా అలాగే కట్టమన్నాను మేస్త్రితో."

మర్నాడు ఆడపడుచు వచ్చింది. వదిన మొహం చూడలేక తలుపు దగ్గరే నిలబడి, అన్నయ్యే చెబుతానన్నాడనీ, తను ఎప్పుడో చెప్పమందనీ, వేరే ఇల్లు దొరికుంటే ఇంతదూరం వచ్చేదే కాదనీ గబగబా అనేసింది. అందులో అబద్ధం ఎంతో, నిజం ఎంతో వదిన ఏరడానికి పోలేదు. ఆమెతో కూడా అదే మాట చెప్పింది. గట్టు ముందు నిలబడి, గరిట పట్టుకుని, ఒకసారి చూసుకోమంది.

"నువ్వు గీశాక చూసేదేముంది వదినా" అంది ఆడపడుచు, మంచి చేసుకుందామని. ఆ వారమంతా వదిన ఎడమచేత్తో తరగడం, ఎడమచేత్తో కలపడం ఆమె ఎదురుగా కూర్చుని చూసింది. చూసి అడుగులు లెక్కపెట్టుకుంది.

మూడోరోజున రాయి కోసి పరిచారు. బందులు బిగించారు. వదిన వెనక గదిలోకి సామాన్లు సర్దుకుంటూ, గోడ అవతల మర తిరిగిన ప్రతిసారీ ఆగి వింది. రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పడానికి నోరు రాలేదు. వాళ్ళు మనిషిని అడక్కుండా మనిషి పనిని తీసుకున్నారు, ఆ పని ఎవరి చేతిదో కూడా చూసుకోలేదు. చూసుకోకపోవడం కూడా నా తప్పేనా అనుకుంది. అనుకున్నాక మనసు కొంచెం కుదుటపడింది, కొంచెం భయమేసింది కూడా.

ఆదివారం కొత్త వంటింట్లో మొదటి వంట. ఆడపడుచు వాళ్ళు సామానుతో దిగిపోయారు. ఇల్లాలు కదా, మొదటి వంట తనే చేస్తానంది. పిల్లలిద్దరూ, ఆమె భర్త ముందుగదిలో కంచాల ముందు కూర్చున్నారు. వంటిల్లు చూడముచ్చటగా ఉంది. రాయి అద్దంలా మెరుస్తోంది, సొరుగు వేలితో తోస్తే చాలు పోతోంది. మేస్త్రి ఒక మూల కూర్చుని చివరి పిడికి మరలు బిగిస్తున్నాడు. వదిన గుమ్మం దగ్గర నిలబడింది.

ఆడపడుచు గరిట అందుకుని కలపబోయింది. కుడి మోచెయ్యి టకీమని గోడకు కొట్టుకుంది. పొయ్యి కుడిచివర గోడవార ఉంది మరి. చెయ్యి దులుపుకుని, ఉప్పు కోసం చూసింది. సొరుగు ఎడమపక్క ఉంది. గరిట చేతిలో ఉండగా అడ్డంగా చెయ్యి చాపబోయి, గరిట గిన్నెలో పడేసింది. అలమర తలుపు తెరిస్తే అది కుడివైపుకు వచ్చి చేతికి అడ్డంగా నిలబడింది. దాన్ని చుట్టుకుని డబ్బా తీసేసరికి పొయ్యిమీద కూర అడుగంటింది. గిన్నె తీసి తొట్టిలో పెట్టింది. తోమి ఆరేద్దామంటే ఆరేసే అర అటుపక్కన ఉంది. ఒళ్ళు మెలితిప్పి పెట్టబోయింది. గిన్నె జారి నేలమీద పడి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

"ఏమిటే ఆ చప్పుళ్ళు?" అంటూ వదిన భర్త లోపలికి వచ్చాడు.

ఆడపడుచుకు ఏడుపొక్కటే తక్కువ. మోచెయ్యి పట్టుకుని, "ఈ మేస్త్రి అంతా తిరగేసి కట్టాడన్నయ్యా. ఏదీ చేతికి రావట్లేదు" అంది. ఆడలేక మద్దెల ఓడు అంటారు గాని, పాపం ఈసారి తప్పు మద్దెలదే.

ఆయన మేస్త్రి మీదికి తిరిగాడు. ముప్ఫయ్యేళ్ళ అనుభవమని కూశావు, చూసి కట్టవద్దా, ఇదంతా నీ చేతే పీకించి కట్టిస్తాను అన్నాడు. మేస్త్రి స్క్రూడ్రైవరు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. అతనికి జవాబు తెలుసు. చెప్పకుండా వదినవైపు చూశాడు. అనవలసింది ఆవిడని అతనికి తెలుసు.

వదిన రెండడుగులు లోపలికి వేసింది. "ఆయన్ను అనకండి. గీసినట్టే కట్టారు. ఆ గీత ఈ చేతిది." ఎడమచెయ్యి పైకెత్తింది. మొదటిరోజు కొంచెమే ఎత్తింది. ఇప్పుడు పూర్తిగా ఎత్తింది.

ఆయన ఆ చేతివైపు చూశాడు. తరవాత గోడవార పొయ్యిని, ఎడమపక్క సొరుగును, అటు ఆరేసే అరను ఒకటొకటిగా చూశాడు.

"నీది ఎడమచేతివాటమా?" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఎప్పట్నుంచి?" అన్నాడు.

మూలన మేస్త్రి తల దించుకున్నాడు.

"పుట్టినప్పట్నుంచీ" అంది వదిన. "వచ్చిన కొత్తలో వడ్డించేటప్పుడు కుడిచెయ్యి వాడమని మీ అమ్మగారు చెప్పారు. మీ ముందు కుడిచేత్తోనే వడ్డించాను. లోపల వండింది దీంతోనే."

ముందుగదిలో పిల్లలు కంచాలు వాయిస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. తప్పు దిద్దుకునే మనిషిలా గబగబా వెనక గదిలోకి వెళ్ళి, పాత పీట తీసుకొచ్చి, పొయ్యి ముందు వేశాడు. పందొమ్మిదేళ్ళలో ఆయన వంటింటి సామాను చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి.

"పోనీలే. నీ చేతికి కుదిరినట్టే ఉందిగా. నువ్వు కానివ్వు, పిల్లలు ఆకలికి ఆగలేకపోతున్నారు."

వదిన పీటవైపు చూసింది. రెండు పాదాలూ పెట్టి పెట్టి మధ్యలో చెక్క అరిగి గుంటలు పడింది. ఆవిడ ముందుకు వచ్చి, వంగి, దాన్ని ఎడమచేత్తో తీసుకుంది. గుమ్మం దగ్గరికి తెచ్చి, గోడవార వేసి, కొంగు సర్దుకుని దానిమీద కూర్చుంది. కూర్చుంటే అది ఎంత హాయిగా ఉంటుందో ఆవిడకు ఇన్నాళ్ళూ తెలియదు.

"నాకూ ఆకలిగానే ఉంది" అంది. "మేస్త్రిగారికీ ఒక కంచం పెట్టమ్మాయ్."

ఆయన గుమ్మం దాటాలంటే ఆవిడను దాటాలి, అందుకని గట్టుకూ గుమ్మానికీ మధ్య నిలబడిపోయాడు. ఆడపడుచు అన్నవైపు చూసింది, వదినవైపు చూసింది. ఎవరూ రాకపోయేసరికి ఇంకో గిన్నెలో మళ్ళీ కూర వేసి పొయ్యిమీద పెట్టింది. గరిట తీసుకుంది. మోచెయ్యి మళ్ళీ గోడకు తగిలింది. కాసేపు ఆలోచించి, గరిటను కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుంది. అది చెప్పినట్టు వినక, సగం కూర గిన్నె అంచు మీద ఒలికింది.

వదిన చూస్తూ కూర్చుంది. జాలివేసింది, కోపమూ పోలేదు. ఆ చెయ్యి మార్చడం ఎంత కష్టమో ఆ ఇంట్లో తెలిసినది తనకొక్కదానికే.

"మొదట్లోనే అమ్మాయ్" అంది. "తరవాత అలవాటైపోతుంది."